నేలలో దిగే గుంజకి ట్యాగు చూశారా?

(డాలస్ పరిసరాల్లో సొంత ఇళ్లు కట్టుకున్న, కొనుక్కున్న తెలుగువాళ్లు కలిసిన ఒక శనివారం సాయంత్రం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్లకి వినబడుతోందా? సరే. ముందు ఈ ముక్క చూడండి, చూసి పక్కవాళ్లకి ఇస్తూ వెనక్కి పంపించండి. కవర్లోంచి మాత్రం తియ్యకండి, పొడి రాలుతుంది, మళ్లీ ఈ హాలు నేనే ఊడవాలి.

ఇది మా పెరట్లో సొర పాదుకి వేసిన పందిరి గుంజ. పైభాగం చూస్తే నిన్న కొన్నట్టుంది, గోటితో గీస్తే గీత పడదు. అడుగున, మట్టిలో రెండడుగులు దిగిన చివర కూడా పెద్దగా పాడవలేదు. మధ్యలో ఒక జానెడు ఉంది చూశారూ, నేల మట్టానికి కాస్త పైన, కాస్త కింద, అక్కడ నేను స్క్రూడ్రైవర్ పెట్టి నొక్కితే పిడి దాకా దిగిపోయింది. లోపలంతా తడిసి ఆరిన రస్కులాగా అయిపోయింది. పైన పెయింటు మాత్రం చెక్కు చెదరలేదు, అందుకే ఆరేళ్లూ నాకు అనుమానం రాలేదు. మే నెలలో ఓ రాత్రి గాలివాన వచ్చింది, పొద్దున్న లేచి చూస్తే పందిరి మొత్తం పక్కింటాయన ఫెన్సు మీద వాలి పడుకుని ఉంది, అప్పుడే పైకి పాకుతున్న తీగలతో సహా.

వేసినాయన "సార్, ఇది ప్రెజర్ ట్రీటెడ్, మీకు ఢోకా లేదు" అన్నాడు. అంటే కుళ్లకుండా, చెద పట్టకుండా ఒత్తిడితో మందు పట్టించిన కర్ర అని. ఆయన అబద్ధం చెప్పలేదండీ, నిజంగానే ట్రీట్ చేసిన కర్రే అది. ఏ పనికి ట్రీట్ చేసిందో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. విరిగాక ముక్కలు తీస్తుంటే ఒక గుంజ పై చివర స్టేపుల్ కొట్టిన చిన్న ప్లాస్టిక్ ట్యాగు ఇంకా ఉంది. దాని మీద అబవ్ గ్రౌండ్ అని అచ్చయి ఉంది. అంటే నేల పైన వాడమని. దాన్ని మేము రెండడుగులు పాతిపెట్టాం. నేను సివిల్ ఇంజనీర్ని, కాంక్రీటు గురించి అడిగితే గంట మాట్లాడతాను, నా పెరట్లో గుంజ మీదున్న నాలుగు అక్షరాలు చదవలేదు. ఆ సిగ్గుతోనే ఇదంతా చదివాను, ఆ సిగ్గుతోనే ఈ రోజు మీ ముందు నిలబడ్డాను.

సరిగ్గా ఆ జానెడు మేరే ఎందుకు కుళ్లింది? మీ అందరికీ తెలిసిన సంగతితోనే చెబుతాను. ఆవకాయ జాడీలో నూనె కింద మునిగిన ముక్కకి బూజు పట్టదు. పైకి తేలి, చెమ్మ తగిలిన ముక్కకి పడుతుంది. కర్రని కుళ్లబెట్టేది కూడా ఒక రకం బూజే, ఫంగస్. దానికి తిండి కావాలి, అది కర్రే. వెచ్చదనం కావాలి, టెక్సాస్‌లో దానికి కొదవ లేదు. గాలి కావాలి, నీళ్లు కావాలి. మట్టిలో లోతుకి వెళ్తే గాలి తక్కువ. నేలకి రెండడుగుల పైన కర్ర ఎండిపోతూ ఉంటుంది, చెమ్మ ఇరవై శాతం లోపు ఉన్న కర్రలో ఫంగస్ పెరగదు. గాలీ తడీ రెండూ ఎప్పుడూ దొరికే చోటు నేల మట్టం దగ్గర ఆ జానెడే. చెదపురుగు కూడా మట్టిలోంచి ఆ దారినే పైకెక్కుతుంది.

ఇక్కడి మట్టి ఇంకో తంటా. డాలస్ చుట్టుపక్కల నల్లమట్టి ఉంది కదా, అది మన నల్లరేగడికి అన్నదమ్ముడే. వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది. ఆగస్టులో మీ ఫెన్సు గుంజ దగ్గర వంగి చూడండి, గుంజకీ మట్టికీ మధ్య వేలు పట్టేంత సందు ఉంటుంది. తర్వాత పడే మొదటి వాన నీళ్లు నేరుగా ఆ సందులోకి దిగుతాయి, దిగి అక్కడే కూర్చుంటాయి.

మన పెద్దవాళ్లకి ఇది తెలియదనుకుంటున్నారా? మా అమ్మమ్మగారిది కోనసీమ. పెంకుటిల్లు, మండువా చుట్టూ టేకు స్తంభాలు. ఒక్క స్తంభం కూడా మట్టిలోకి దిగి ఉండేది కాదు, ప్రతిదాని కింద చదరంగా చెక్కిన రాతి దిమ్మ ఉండేది. చిన్నప్పుడు అది అందానికనుకునేవాణ్ణి. పశువుల పాకకి మాత్రం తాటి రాటలు నేరుగా నేలలోనే పాతేవాళ్లు. అయితే లేత తాటి కాదు, బాగా ముదిరి చేవదేరిన తాటి. చేవ అన్న మాట మనం మనుషులకి కూడా వాడతాం, అసలు అర్థం కర్రదే. చెట్టు నడిమి భాగంలో ముదురు రంగులో గట్టిగా ఉండేది చేవ, దాని చుట్టూ బెరడు కింద ఉండే తెల్ల చెక్కకి చేవ ఉండదు. (తాటి చెట్టుకి ఇది తిరగబడి ఉంటుంది, గట్టిదనమంతా బయటివైపు, లోపల బెండు. అది వేరే కథ.) టేకు చేవని చెద సులభంగా తినలేదు, టేకే అయినా దాని తెల్ల చెక్కని హాయిగా తింటుంది. అందుకని టేకు కదా అని ఊరికే ధైర్యం పనికిరాదు.

ఇక్కడ మనకి కొట్లలో దొరికేది పైన్. దక్షిణాది రాష్ట్రాల్లో తోటలు వేసి పెంచే ఎల్లో పైన్. తొందరగా పెరిగిన చెట్టు, ఎక్కువ భాగం తెల్ల చెక్కే, సొంతంగా చేవ లేదు. మందు పట్టించకుండా ఆ పైన్ ముక్కని మిసిసిపీ లాంటి వేడి, తేమ ఉన్న చోట నేలలో పాతితే సగటున రెండు మూడేళ్లు ఆగుతుంది. ఊరికే అంటున్నది కాదు, విస్కాన్సిన్‌లో మాడిసన్ ఊళ్లో ప్రభుత్వ ఫారెస్ట్ ప్రొడక్ట్స్ లాబొరేటరీ ఉంది, వాళ్లు 1930ల చివరి నుంచి మిసిసిపీ అడవిలో కర్ర మేకులు పాతి, అప్పుడప్పుడూ పీకి చూసి రాసుకుంటున్నారు. ఉద్యోగమంటే అదీ. ఆ పైన్‌లో ఒక మంచి గుణం ఏమిటంటే, తెల్ల చెక్క కాబట్టి మందు లోపలి దాకా పీలుస్తుంది. పుట్టుకతో లేని చేవని మనం పట్టించాలి, ట్రీట్‌మెంట్ అంటే అంతే.

పట్టించడం ఎలాగంటే, పెద్ద ఇనప గొట్టం లాంటి ట్యాంకులో కర్రలు పెట్టి మూత బిగిస్తారు. ముందు వాక్యూమ్ పెట్టి కర్ర లోపలి గాలిని లాగేస్తారు, తర్వాత మందు నీళ్లు నింపి గట్టి ఒత్తిడి ఇస్తారు, ఆఖర్న మళ్లీ వాక్యూమ్ పెట్టి మిగిలిన నీళ్లు లాగుతారు. ఈ పద్ధతికి ఇంగ్లండ్‌లో బెథెల్ అనే ఆయన 1838లోనే పేటెంట్ తీసుకున్నాడు. అప్పట్లో మందు క్రియోసోట్, రైల్వే స్లీపర్ల దగ్గర నల్లగా, ఘాటుగా వాసన వచ్చేది అదే. అది ఇంటికి పనికిరాదు, చేతికి అంటుకుంటుంది, కంపు.

ఇప్పుడు ఒక పేరు చెబుతాను, మీలో ఎంతమంది విన్నారో చెయ్యెత్తండి. సొంఠి కామేశం. ఎవరూ లేరా? నేనూ వినలేదు లెండి, గుంజ విరిగేదాకా. పేరు వింటేనే మన ఇంటిపేరని తెలిసిపోతోంది. ఆయన డెహ్రాడూన్ ఫారెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేస్తూ 1933లో రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపి ఒక మందు కనిపెట్టారు. రాగి ఫంగస్‌ని చంపుతుంది, ఆర్సెనిక్ చెదపురుగులనీ, రాగికి లొంగని మొండి ఫంగస్‌లనీ చూసుకుంటుంది. ఈ రెండింటికీ నీళ్లలో కరిగి వానకి కొట్టుకుపోయే బుద్ధి ఉంది, క్రోమియం వాటిని కర్రకి అతికించేస్తుంది. ఆ అతికించడమే అసలు తెలివి. దానికి ఆస్క్యూ అని పేరు పెట్టారు, ఆర్సెనిక్, రాగి రసాయన గుర్తులు రెండూ కలిపితే వచ్చే మాట. 1938లో అమెరికా పేటెంట్ కూడా వచ్చింది. తర్వాత సీసీఏ అనే పేరుతో ఈ దేశంలో డెక్కులు (ఇంటి వెనక వేసే చెక్క అరుగులు), ఫెన్సులు, పిల్లల ఉయ్యాలలు, కరెంటు స్తంభాలు, అన్నీ ఆ పచ్చ కర్రతోనే కట్టారు. అంటే దశాబ్దాల పాటు అమెరికా పెరళ్లన్నీ మనవాడి మందు మీద నిలబడ్డాయి, మనమేమో ఇక్కడికొచ్చి ట్యాగు చదవకుండా గుంజలు పాతుకుంటున్నాం.

ఆర్సెనిక్ అంటే విషమే కదా. పిల్లలు ఆడుకునే చోట చేతులకి అంటుతోందని గొడవ అయి, 2003 డిసెంబర్ 31 తర్వాత ఇళ్ల అవసరాలకి, అంటే డెక్కులకీ ఫెన్సులకీ, ఆ మందు పట్టించడం ఆపేశారు. స్తంభాలకి, రేవుల్లో వేసే దిమ్మెలకి ఇంకా ఉంది. మీ ఇల్లు 2004కి ముందు కట్టిందైతే పాత డెక్ అదే కర్ర అయ్యే అవకాశం ఎక్కువ. టెన్షన్ పడి పీకెయ్యక్కర్లేదు, దాన్ని రంపంతో కోసి పొడి పీల్చకండి, దాని పక్కన కూరగాయలు వెయ్యకండి, దాన్ని కాల్చకండి. కాల్చడం గురించి మళ్లీ వస్తాను.

ఇప్పుడు కొట్లో దొరికేవాటిలో ఆర్సెనిక్ లేదు, రాగి ప్రధానం, తోడుగా అజోల్ అనో క్వాట్ అనో ఇంకో మందు, రాగికి లొంగని ఫంగస్‌ల కోసం. సరే, ట్యాగుకి వద్దాం. ట్యాగు మీద యూసీ (యూజ్ కేటగిరీ, అంటే ఎక్కడ వాడాలో చెప్పే తరగతి) అనే అక్షరాల తర్వాత ఒక అంకె, ఒక అక్షరం ఉంటాయి. యూసీ3బీ అంటే నేలకి తగలకుండా, ఎండకీ వానకీ బయట ఉండే కర్ర. యూసీ4ఏ అంటే నేలలో పాతదగ్గది, ఫెన్సు గుంజలు, డెక్ గుంజలు. యూసీ4బీ ఇంకా గట్టిది, ఇంటి బరువంతా మోసే గుంజలకి. రంగు చూస్తే తేడా తెలియదు, ధరలో కూడా పెద్ద తేడా ఉండకపోవచ్చు, ఒక్కోసారి పక్కపక్క గుట్టల్లోనే పడేసి ఉంటాయి. లోపల మందు మాత్రం వేరు. ఎక్కువగా వాడే కాపర్ అజోల్ మందుల్లో ఒకటి తీసుకుంటే, పైన వాడే కర్రలో ఘనపుటడుగుకి 0.06 పౌండ్లు ఉండాలి, నేలలో దిగే కర్రలో 0.15. రెండున్నర రెట్లు. అదే మామిడికాయ, అదే జాడీ, ఉప్పు సగం కూడా వెయ్యకపోతే ఆవకాయ ఎన్నాళ్లు ఆగుతుంది? నా పందిరి అలాంటి ఆవకాయ.

ఇంకో మెలిక. 2016లో ఈ ప్రమాణాలు కాస్త మార్చారు. నేలకి తగలకపోయినా సరే, నేలకి ఆరంగుళాల లోపు ఉన్న కర్రైతే, లేదా ఒకసారి బిగించాక మళ్లీ మార్చడం కష్టమైన డెక్ దూలాల్లాంటివైతే, నేలలో దిగే రకమే వాడాలన్నారు. కాబట్టి కాంట్రాక్టరుతో వాదన పెట్టుకోకుండా, అన్నీ గ్రౌండ్ కాంటాక్ట్ రకమే తెమ్మని కాగితం మీద రాయించుకోండి. మొహమాటపడకండి. బరువు మోసే గుంజ నేలలోనో నేలకి తగిలే కాంక్రీటులోనో దిగుతుంటే ఆ రకమే వాడాలని ఇళ్ల కోడ్‌లో కూడా ఉంది.

సరైన కర్ర కొన్నాక కూడా చెడగొట్టుకునే దారులున్నాయి, నేను రెండు మూడు చేశాను. మొదటిది కోత. పది అడుగుల గుంజ కొని, ఎనిమిదడుగులకి కోసి, కోసిన చివరని మట్టిలో పెట్టాం. మందు బయట నుంచి లోపలికి పడుతుంది కదా, లావు గుంజల్లో నట్టనడుమ మందు పట్టని భాగం ఉంటుంది, దక్షిణాది పైన్‌లో కూడా నడిమి చేవ మందు పీల్చదు. కోసిన మొహాన్ని మట్టిలో పెడితే చెదకి తలుపు తీసి పెట్టినట్టే. కోసిన చివర ఎప్పుడూ ఆకాశం వైపుండాలి, ఫ్యాక్టరీ చివర మట్టిలో ఉండాలి. అలా కుదరకపోతే కాపర్ నాఫ్తనేట్ అని డబ్బాలో దొరుకుతుంది, పచ్చగా ఉంటుంది, కోసిన మొహానికీ బోల్టు కన్నాలకీ బ్రష్‌తో అది తాగినంత తాగించండి. చేతులకి గ్లౌజులు వేసుకోండి, వాసన వారం పోదు. మా ఆవిడ గరాజ్‌లోంచి ఆ డబ్బా తీసెయ్యమని ఇప్పటికీ అంటుంది.

రెండోది కాంక్రీటు. గొయ్యి తవ్వి, గుంజ నిలబెట్టి, చుట్టూ కాంక్రీటు పోసి, పైన నేలకి సమంగా చదును చేసేస్తారు. కర్ర ఎండేకొద్దీ కాస్త ముడుచుకుంటుంది, కాంక్రీటు అంతగా ముడుచుకోదు. మధ్యలో వెంట్రుకవాసి సందు, అందులోకి నీళ్లు. అడుగున కూడా కాంక్రీటే ఉంటే ఆ నీళ్లు పోయే దారి లేదు, గుంజ గ్లాసులో పెట్టిన చెంచాలా నీళ్లలో నిలబడి ఉంటుంది. అడుగున ఆరంగుళాలు కంకర వెయ్యండి, గుంజ ఆ కంకర మీద నిలబడాలి, కాంక్రీటు చుట్టూ మాత్రమే. పైన కాంక్రీటుని నేలకి కొంచెం ఎత్తుగా, గుంజ నుంచి బయటికి వాలుగా చెయ్యండి. తులసికోట గట్టులాగా అనుకోండి.

మూడోది మేకులు. కొత్త మందుల్లో రాగి ఎక్కువ, మామూలు ఇనుముని తినేస్తుంది. పైపైన మెరిసే పల్చటి జింకు పూత స్క్రూలు నా పందిరిలో ఎర్రగా సన్నబడిపోయాయి, రెండు వేలితో లాగితే ఊడి వచ్చాయి. కరిగిన జింకులో ముంచి తీసిన మందపు పూత మేకులు, లేదా స్టెయిన్‌లెస్ స్టీల్. అల్యూమినియం మాత్రం ఆ కర్రకి నేరుగా తగలనివ్వకండి.

మిన్నెసోటా నుంచి మొన్న ఒక స్నేహితుడు గాబరాగా ఫోన్ చేశాడు, ఇల్లు చూశాం, అంతా బాగుంది, కానీ బేస్‌మెంట్ గోడలు చెక్కవి, మట్టిలో చెక్క గోడ ఏంటి నీ బొంద అని. అది మోసం కాదండీ, దాన్ని పర్మనెంట్ వుడ్ ఫౌండేషన్ అంటారు, ఆ చలి రాష్ట్రాల్లో చాలా ఏళ్లుగా ఉంది. మామూలు డెక్ కర్రకంటే ఎక్కువ మందు పట్టించిన చెక్క, ప్లైవుడ్‌తో గోడ, బయట ప్లాస్టిక్ షీటు, అడుగున కాంక్రీటు బదులు కంకర పరుపు. ఆ కంకరే దాని ప్రాణం, నీళ్లు గోడ దగ్గర నిలవకుండా లాగేస్తుంది. బాగా కట్టింది బాగానే ఉంటుంది. నేనైతే కొంటానా అంటే, ఆ కంకరలోంచి నీళ్లు ఎటు పోతున్నాయో, చూరు నీళ్లు ఇంటికి ఎంత దూరంలో పడుతున్నాయో తెలిసిన ఇన్‌స్పెక్టర్ చూసి చెప్పేదాకా కొనను. వాడికీ అదే చెప్పాను.

ఇక నా కొత్త పందిరి. ఈసారి గుంజని అసలు మట్టిలో దింపలేదు. కాంక్రీటు దిమ్మ పోసి, దానిమీద ఇనప పాదం బోల్టులతో బిగించి, గుంజని అందులో నిలబెట్టాను, గుంజ అడుక్కీ కాంక్రీటుకీ మధ్య అంగుళం ఖాళీ. నీళ్లు పడితే కారిపోతాయి, గాలి ఆడుతుంది. బిగించాక దూరంగా నిలబడి చూస్తే అచ్చం అమ్మమ్మగారి మండువా స్తంభం, రాతి దిమ్మ బదులు కాంక్రీటు. మట్టిలో దిగని గుంజ దానంతటది నిలబడదు కాబట్టి పై మూలల్లో ఏటవాలు కర్రలు వెయ్యాలి, అది మర్చిపోకండి. ఫెన్సుకి ఇలా కుదరదు, గాలి తోసేస్తుంది, దానికి పాతక తప్పదు, లేదా ఇనప గుంజలు.

ప్రశ్నలు? చెప్పండమ్మా.

కూరగాయల మడులకి వాడొచ్చా అని అడుగుతున్నారు. కొత్త రాగి మందు కర్రైతే చాలామంది వాడుతున్నారు, వ్యవసాయ విస్తరణ విభాగాలవాళ్లు కూడా పెద్దగా అభ్యంతరం చెప్పడం లేదు. మనసు ఒప్పకపోతే లోపలివైపు ప్లాస్టిక్ షీటు కొట్టండి, లేదా సెడార్ కొనండి. పాత డెక్ కర్రా, పాత రైల్వే స్లీపరూ మాత్రం గోంగూర దగ్గరికి కూడా రానివ్వకండి.

ఊళ్లో నాన్నగారు జామాయిల్ కర్రల అడుగుకి తారు పూసి పాతుతారు, అది సరిపోదా అంటున్నారు బాబుగారు. కొంత ఆపుతుంది. కాకపోతే పూత పైపైనే ఉంటుంది, కర్ర ఎండి పగుళ్లిచ్చిందంటే చెద ఆ పగులులోంచి లోపలికి పోతుంది, పైన తారు నల్లగా నిగనిగలాడుతూనే ఉంటుంది, నా పందిరి పెయింటులాగా. పచ్చికర్రకి పూస్తే లోపలి తడి కూడా బయటికి పోదు, ఆరాక పూయమనండి. బోరాక్స్ మందు పట్టించినవి అమ్ముతున్నారట, అవి ఇంటి లోపల వాసాలకి మంచివే, మట్టిలో మాత్రం బోరాన్ నీళ్లకి కరిగి వెళ్లిపోతుంది. నాన్నగారిది శాశ్వతమైన పాకైతే రాతి కడీలే నయం.

ఆఁ, కాల్చడం గురించి చెబుతానన్నాను కదా. సంక్రాంతి వస్తోంది, పోయినేడు ఒకరి పెరట్లో భోగి మంటకి వెళ్తే పాత ఫెన్సు గుంజలు పేర్చి ఉన్నాయి, పాతవన్నీ మంటల్లో వెయ్యాలి కదా అని. పచ్చటి పాత గుంజలు. సీసీఏ కర్ర కాలిస్తే ఆర్సెనిక్ కొంత పొగలోకి పోతుంది, మిగతాది బూడిదలో ఉండిపోతుంది, పిల్లలు ఆ మంట చుట్టూ తిరుగుతారు, మర్నాడు ఆ బూడిద తీసుకెళ్లి మొక్కలకి వేస్తాం. కొత్త మందు కర్రైనా సరే కాల్చకూడదు. నేను నసిగి నసిగి చెప్పాను, ఆయన మంచివాడు, అన్నీ తీసి పక్కన పడేసి గరాజ్‌లోంచి అట్టపెట్టెలు తెచ్చాడు. ఆ గుంజలు మామూలు చెత్తతో పాటు తీసుకెళ్తారో లేదో మీ సిటీవాళ్లకి ఫోన్ చేసి కనుక్కోండి, ఒక్కో ఊళ్లో ఒక్కో పద్ధతి.

ఆ ముక్క వెనక్కి వచ్చిందా? కవర్ ఎవరో విప్పినట్టున్నారే.